తీగ ఉన్న ఫోన్

శ్రోతలకు నమస్కారం.

టీవీలో అంతరిక్షం కథ వస్తుంటే అందరూ నక్షత్రాలు చూస్తారు. నేను ఓడ లోపలి గదిని చూస్తాను. పాత్రలు నోరు విప్పకముందే, ఇక్కడ నిశ్చింతగా ఉండొచ్చో భయపడాలో ఆ గది చెప్పేస్తుంది.

1987లో మొదలైన 'స్టార్ ట్రెక్: ది నెక్స్ట్ జనరేషన్'లో ఓడ నడిపే గదికి కార్పెట్ ఉంటుంది. కెప్టెన్ వెనక వంపు తిరిగిన చెక్క రెయిలింగ్, ఎదురుగా గోడంత తెర, మంచి వెలుతురు. నున్నటి పలక మీద వేలు ఆనిస్తే పని అయిపోతుంది. ఎంత ఆపద వచ్చినా వీళ్లు కూర్చుని మాట్లాడి గట్టెక్కుతారనే ధీమా మనకూ వస్తుంది.

ఇక నాకు ప్రాణమైన ఓడ 'గెలాక్టికా'. 'బ్యాటిల్‌స్టార్ గెలాక్టికా' 2003లో కొత్తగా తీసినప్పటిది. కథలో అది పాత యుద్ధనౌక. రేపో మాపో మ్యూజియం కావలసింది. నడిపే గదికి కిటికీ లేదు, వెలుతురు తక్కువ. నడుమ ఒక బల్ల, దాని చుట్టూ నిలబడ్డ మనుషులు. అంత పెద్ద ఓడలో మాట్లాడుకోవడానికి తీగ ఉన్న ఫోన్! ఆ తీగ ఊరికే పెట్టలేదు. శత్రువులు సైలాన్లు కంప్యూటర్లలోకి చొరబడతారు. అందుకే కమాండర్ అడామా తన ఓడలో కంప్యూటర్లను ఒకదానితో ఒకటి కలపనివ్వడు. దాడి జరిగిన రోజు కొత్త ఓడలు ఉన్నచోటే మొద్దుబారిపోతాయి. ఈ పాతది నిలబడుతుంది.

ఆ తీగ చూడండి. ఫోన్ ఎత్తిన మనిషి అక్కడి నుంచి కదలలేడు. వార్త మంచిదైనా చెడ్డదైనా నిలబడి వినాల్సిందే. చుట్టూ ఉన్నవాళ్లు ఆయన ముఖమే చూస్తుంటారు.

ఆ దృశ్యం చూసినప్పుడల్లా నాకు కాజీపేట గుర్తొస్తుంది. మా బాపు రైల్వేలో పనిచేసేవాడు. రాత్రి డ్యూటీకి సద్ది పట్టుకుని పోయేవాణ్ణి. కేబిన్‌లో కంట్రోల్ ఫోన్ మోగితే అప్పటిదాకా నవ్వుతున్నవాళ్లు టక్కున ఆగేవాళ్లు. బాపు రిసీవర్ చెవికి పెట్టుకుని "ఆఁ... ఆఁ..." అంటుంటే నేను గిన్నె కింద పెట్టడానికి కూడా భయపడేవాణ్ణి. అంత టెన్షన్! పెద్దయ్యాక ఆ ఓడలో నాకు కనిపించింది మా బాపు కేబినే.

వరంగల్, హనుమకొండల్లో షార్ట్ ఫిల్ములు తీసే పిల్లలకు ఒక్క మాట. అంతరిక్షం అనగానే వెండి రంగు షీట్లు, రంగురంగుల ఎల్‌ఈడీలు కొనకండి. ముందు ఒక వస్తువు వెతకండి. చేత్తో పట్టుకునేది, బరువున్నది. పాత ఫోనో, ఇనుప మీటనో, తిప్పితే కిర్రుమనే చక్రమో. పాత ఇనుప సామాను కొట్లో దొరుకుతుంది. గదిని చీకటి చేసి, దాని మీద ఒక్క లైటు వేయండి. అది మోగినప్పుడు అందరూ అటు తిరిగేలా నటులను నిలబెట్టండి.

సెలవు.