సిటీ ఇంట్లో కోళ్ళు, గేదెలు పెంచుకోవచ్చా? ముందు గోడ వైపు చూడండి

"నా ఇల్లు, నా పెరడు, నా కోడి, మధ్యలో నువ్వెవరు" అని ఒకరు. "సిటీలో కోళ్ళు పెంచడమే నేరం, కంప్లైంట్ ఇస్తా" అని పక్కింటాయన. కాలనీ వాట్సాప్ గ్రూపుల్లో ఈ గొడవ చూసీ చూసీ విసుగొచ్చింది నాకు, ఎందుకంటే ఇద్దరిదీ తప్పే.

ఒక్క ప్రశ్న పట్టుకోండి. గోడ దాటిందా?

మీ పెరట్లో నాలుగు నాటుకోళ్ళున్నాయి. కోడి గోడ లోపలే ఉంది, సరే. కానీ రెట్ట వాసన, దానిమీద మూగిన ఈగలు, కూత, ఇవి గోడ దాటాయా, అది న్యూసెన్స్ అవుతుంది, అక్కడ చట్టం మిమ్మల్ని అడుగుతుంది. 2000 నాటి శబ్ద కాలుష్యం రూల్స్‌లో ఇళ్ళుండే ఏరియాకి రాత్రి పరిమితి 45 డెసిబెల్స్, రాత్రంటే పదింటి నుంచి పొద్దున ఆరు దాకా. ఆ రూలు పుంజుని చూసి రాసింది కాదు, కానీ పుంజు నాలుగింటికే మొదలెడుతుంది కదా. అసలు గుడ్ల కోసమైతే పుంజెందుకండీ, పెట్ట ఒక్కటే ఉన్నా గుడ్లు పెడుతుంది, పిల్లలు కావాలంటేనే పుంజు. సగం గొడవలు ఇక్కడే ఆగిపోతాయి.

ఇప్పుడు కోడి ప్లేస్‌లో గేదెని కట్టండి, అదే గోడ. ఒక గేదె రోజుకి 15 నుంచి 20 కిలోల పేడ వేస్తుంది, మూత్రం అదనం, కొట్టం కడిగి అదంతా డ్రైన్‌లోకి తోసేస్తే అక్కడ గడ్డకట్టి పూడుకుపోయి, వానొచ్చిన రోజు ఎవరింటి ముందో పొంగుతుంది. గేదె కొట్టంలోనే ఉంది, పేడ మూడు వీధులు దాటింది. శానిటరీ ఇన్‌స్పెక్టర్ దీనికి ఫైన్ వేస్తే నేను ఆయన వైపే.

గేదే గోడ దాటి రోడ్డెక్కిందనుకోండి, పెద్దవాళ్ళు చెప్పే బందెలదొడ్డి, అదే వదిలేసిన పశువుల్ని పట్టి ఉంచే చోటు, ఉంది చూడండి, దాని వెనకున్న చట్టం 1871ది, ఇప్పటికీ అదే. మీ నిర్లక్ష్యం వల్ల ఎవరి ప్రాణానికైనా ముప్పొచ్చేలా వదిలేస్తే ఐపీసీ బదులు వచ్చిన భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 291 కింద ఆరు నెలల దాకా జైలు, లేదా 5,000 దాకా జరిమానా, లేదా రెండూ.

ఒక్కటి మాత్రం గోడ దాటకపోయినా తప్పే. పొట్టి తాడుతో గంటలు గంటలు కట్టేసి ఉంచడం. 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం, సెక్షన్ 11. పడుకోడానికి కూడా తాడు సరిపోని మేకల్ని చూస్తే నాకు చాలా బాధేస్తుంది, దయచేసి తాడు పొడుగ్గా వేయండి.

టైమ్ అయిపోతోంది, గబగబా చెప్పేస్తా. పాలు అమ్మడానికి పెంచితే అది వ్యాపారం, లైసెన్స్ సంగతి ముందే మున్సిపల్ ఆఫీసులో అడగండి. అద్దె ఇల్లయితే ఓనర్‌ని, ఫ్లాటయితే అసోసియేషన్ బైలాస్, అంటే వాళ్ళు రాసుకున్న నియమాలు, చూడండి. కంప్లైంట్ ఇచ్చేవాళ్ళు ముందు పక్కింటికెళ్ళి మాట్లాడండి, తర్వాత మున్సిపాలిటీ, అక్కడా తేలకపోతే బీఎన్ఎస్ఎస్, అంటే భారతీయ నాగరిక సురక్షా సంహిత, సెక్షన్ 152 కింద ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్ దగ్గరికెళ్ళొచ్చు. ఫ్లాట్ల బైలాస్ మీద విడిగా ఇంకో వీడియో చేస్తా, మీ అసోసియేషన్‌లో ఏం రాసుందో కామెంట్‌లో పెట్టండి.