పెంకు పురుగు మన శెనక్కాయ మీద పడుతుందా?

నమస్తే అండి. పోయిన వారం ఉరవకొండ దగ్గర ఒక చేలో వయ్యారిభామ అనే కలుపు గడ్డి (పార్థీనియం) గురించి, దాన్ని తినే మెక్సికన్ పెంకు పురుగు గురించి చెప్తా ఉంటే ఒక పెద్దాయన ఆపి అడిగారు, "ఆ గడ్డి అయిపోయినాక ఇది నా శెనక్కాయ మీద పడదని ఏం నమ్మకం నాయనా?" అని. అప్పుడు నిలబడే సగం చెప్పి వచ్చేశాను, మనసు ఒప్పలేదు, అందుకే ఈ వీడియో.

ఇదిగో పురుగు, దగ్గరగా చూపిస్తా. వేలిగోరు కంటే చిన్నది, తెల్లటి వీపు, దాని మీద ముదురు గోధుమరంగు వంకర చారలు. పేరు జైగోగ్రామా. వయ్యారిభామను తిని తగ్గిస్తుందని 1983లో మెక్సికో నుంచి బెంగళూరుకు తెచ్చారు. తెచ్చీ తేగానే వదిలేయలేదు, 27 కుటుంబాలకు చెందిన 40 రకాల మొక్కల మీద పరీక్ష చేసి, 1984లో బయటికి వదిలారు.

ఈ పరీక్షలో రెండు రకాలున్నాయి. ఒకదాంట్లో పురుగుకి పంట ఆకు తప్ప ఇంకేమీ పెట్టరు, తింటే తిను లేకపోతే పస్తుండు అన్నట్టు. ఇంకోదాంట్లో గడ్డి ఆకు, పంట ఆకు రెండూ పెట్టి ఎటు పోతుందో చూస్తారు. కలుపు మొక్కకి దగ్గరి చుట్టాలైన పంటల మీద ఇంకా జాగ్రత్తగా చూస్తారు. వయ్యారిభామ, పొద్దుతిరుగుడు ఒకే కుటుంబం, ఇది గుర్తుపెట్టుకోండి. కొరికిందా లేదా అన్నదొక్కటే చూస్తే చాలదు. ఆ ఆకు తిని గుడ్లు పెట్టిందా, పిల్ల పురుగులు పెరిగి మట్టిలోకి దిగి మళ్ళీ పెంకు పురుగులై వచ్చాయా అన్నది అసలు లెక్క. ఆకలికి ఒక కొరుకు కొరకడం వేరు, అక్కడే కాపురం పెట్టడం వేరు.

ఇంత చేసినా 1990ల మొదట్లో కర్ణాటకలో గొడవైంది. పొద్దుతిరుగుడు చేలల్లో ఇదే పురుగు ఆకులు తింటూ కనిపించింది. రైతులకు టెన్షన్ రాదా మరి? ప్రభుత్వం కమిటీ వేసింది, మళ్ళీ పరీక్షలు జరిగాయి. తేలిందేమిటంటే, గట్ల మీద వయ్యారిభామ పుప్పొడి గాలికి ఎగిరి పొద్దుతిరుగుడు ఆకుల మీద పడింది, ఆ పుప్పొడి రుచికే పురుగు ఆకు కొరికింది. ఆ పంట మీద అది తరం నడపలేదు. నాకు అనిపించేది ఒకటే, పరీక్ష గదిలో పెట్టేది శుభ్రమైన ఆకు, చేలో ఆకు మీద ఊరంతా ఎగిరొచ్చిన పుప్పొడి ఉంటుంది, పరీక్ష దాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి.

మన జిల్లాకి ఆ పుప్పొడి కొత్తేమీ కాదు. 2000లో అనంతపురంలో శెనక్కాయకు కాండం కుళ్ళు వైరస్ తగిలి దాదాపు 2.25 లక్షల హెక్టార్లలో పంట దెబ్బతింది, నష్టం 300 కోట్ల రూపాయలు దాటింది. ఆ వైరస్ వయ్యారిభామలో పైకి ఏ లక్షణమూ లేకుండా దాక్కుంటుంది, దాని పుప్పొడిలో ఉంటుంది, తామర పురుగులు ఆ పుప్పొడిని మోసుకొచ్చి శెనక్కాయ ఆకు గీకినప్పుడు లోపలికి దిగుతుంది. పెద్దాయన భయపడాల్సింది చారల పురుగుకి కాదు, గెనెం మీద తెల్లగా పూసి నిలబడిన ఆ గడ్డికి.

ఈ డబ్బాలో నిన్న పొద్దున ఐదు పురుగులు వేసి శెనక్కాయ కొమ్మ పెట్టాను, ఇప్పటికి ఒక్క ఆకుకూ చిల్లు లేదు. ఇప్పుడు వయ్యారిభామ రెమ్మ వేస్తున్నా చూడండి... అదిగో, రెండు అప్పుడే ఎక్కేశాయి.