బెత్తెడు దూరంలో మైకు: ప్రార్థన పిల్లలే నడిపేదెలా

అందరికీ నమస్తే. నేను తిరుపతి పక్కన ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు సార్‌ని. ఊళ్ళో పెద్దవాళ్ళు మాత్రం ఇంకా అయివోరనే పిలుస్తారు. నా వెనకాల జెండా దిమ్మె, వేపచెట్టు, ఆ చెట్టు కొమ్మకు కట్టిన బాకా మైకు కనిపిస్తున్నాయా? రోజూ పొద్దున మా ప్రార్థన జరిగేది ఇక్కడే. ఫస్ట్ బెల్లుకు ఇంకా అరగంట ఉంది. ఆలోపు నేను చెప్పాల్సింది చెప్పేస్తాను.

అసెంబ్లీని పిల్లలే నడపడం ఎలా అన్నది ఈరోజు విషయం. "మా బళ్ళో పిల్లలే నడుపుతున్నారు కదా సార్" అంటారు చాలామంది. నడుపుతున్నారు, నిజమే. కానీ ఏడాది పొడుగునా ఆ ముగ్గురే. గొంతు బాగున్న అమ్మాయి పాట ఎత్తుకుంటుంది, పదో తరగతి లీడరు ప్రతిజ్ఞ చెప్పిస్తాడు, ఇంకొకరు పేపరు పట్టుకుని గబగబా వార్తలు చదివేస్తారు. మిగతావాళ్ళంతా కాలి బొటనవేలితో మట్టిలో సున్నాలు చుడుతుంటారు. ఆ మట్టిలో సున్నాలు చుట్టేవాళ్ళ కోసమే ఈ వీడియో.

ముందు నా తప్పు ఒకటి చెప్పాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఇప్పుడున్న బడి కాదులెండి, ఒక ఏడో తరగతి పిల్లను ఉన్నట్టుండి పిలిచి, చేతికి పేపరిచ్చి మైకు ముందు నిలబెట్టాను. మొదటి వార్తలోనే "ద్రవ్యోల్బణం" అని ఉంది. "ద్ర... ద్రవ్..." అని ఆగిపోయింది. వరసల్లో నవ్వులు. నాక్కూడా నవ్వొచ్చింది, ఆపుకోలేదు. ఆ పిల్ల నాలుగు రోజులు బడికి రాలేదు. అయిదో రోజు వాళ్ళింటికి పోతే, వాళ్ళమ్మ ఆవు పాలు పితుకుతూ తల ఎత్తకుండానే అనింది: "మా బిడ్డకు నోరు తిరగని మాట ఇచ్చి అందరితో నవ్వించినారంట గదా సామీ." నేను ఏం చెప్పగలను? బిడ్డను రేపటి నుంచి పంపమ్మా అని చెప్పి వచ్చేశాను.

అప్పటి నుంచి మా బళ్ళో ఒకటే పద్ధతి. రేపు మైకు ముందుకు ఎవరు రావాలో ఈరోజు సాయంత్రం లాంగ్‌బెల్లు లోపే తెలియాలి. వారానికి ఒక తరగతి వంతు. తరగతిలో రోజుకు ఆరుగురు. ఒకసారి వచ్చినవాళ్ళు తరగతి మొత్తం ఒక చుట్టు తిరిగేదాకా మళ్ళీ రాకూడదు. ఈ ఒక్కదాని మీద మాత్రం పట్టు విడవకండి. "వాడు బాగా చెబుతాడు సార్, వాణ్ణే పెడదాం" అని తోటి టీచర్లే మొహమాటపెడతారు. బాగా చెప్పేవాడికి మైకెందుకు?

వరుస అందరికీ తెలిసిందే: వందేమాతరం, మా తెలుగు తల్లికి, ప్రతిజ్ఞ, వార్తలు, మంచిమాట, ప్రశ్న, హెడ్మాస్టరు గారి మాట, జనగణమన. మొత్తం పదిహేను నిమిషాలు దాటనివ్వొద్దు. జూన్‌లో బడి తెరిచేటప్పటికి మన వైపు ఎండ ఇంకా తగ్గదు. ఇంట్లో ఏమీ తినకుండా పల్లెవెలుగు బస్సు పట్టుకుని వచ్చే పిల్లలుంటారు. అట్లాంటి రోజు పెద్దవాళ్ళ ఉపన్యాసం సాగిందంటే ఎవరో ఒకరు కళ్ళు తిరిగి కూలబడతారు. మన ప్రసంగాలే ముందు తగ్గించాలి.

ఇప్పుడు అసలు పని, వార్తలు. ఈ కాగితం చూడండి. పేపర్లలో వచ్చే తీరులో ఒక వాక్యం రాసి పెట్టాను. చదువుతాను: "జిల్లాలో కురుస్తున్న భారీ వర్షాల కారణంగా స్వర్ణముఖి నదిలో నీటి ప్రవాహం గణనీయంగా పెరగడంతో లోతట్టు ప్రాంతాల ప్రజలు అప్రమత్తంగా ఉండాలని అధికారులు సూచించారు." నాకే ఊపిరి ఆడలేదు. ఎనిమిదో తరగతి పిల్లాడు ఏం చదువుతాడు, వినేవాడు ఏం వింటాడు?

ఇట్లాంటి వార్తనే మా పిల్లాడొకడు ఇట్లా మార్చాడు: "స్వర్ణముఖిలో నీళ్ళు పెరిగాయి. ఏటి ఒడ్డున ఉండేవాళ్ళు జాగ్రత్తగా ఉండాలని అధికారులు చెప్పారు. సాయంత్రం ఇంటికి పోయేటప్పుడు నీళ్ళు పారే వంతెన మీద ఎవరూ నడవకండి." చివరి వాక్యం పేపర్లో లేదు, చూశారా? దాన్ని పిల్లాడే కలిపాడు. వాళ్ళ ఊరు ఏటికి అవతల. అది చెప్పినరోజు వరసల్లో ఒక్క కాలు కూడా కదల్లేదు.

వార్తలు మూడు చాలు. ఒకటి దేశానిది, ఒకటి రాష్ట్రానిది, ఒకటి మన ఊరిది. మూడోది పేపర్లో నుంచి తీసుకోకూడదు, అడిగి తెలుసుకోవాలి. తోతాపురి మామిడికాయల్ని ఫ్యాక్టరీ వాళ్ళు ఎంతకు కొంటున్నారు, పక్క ఊరి చెరకు తోటలోకి ఏనుగులు వచ్చాయా, బస్సు టైము మారిందా, ఇలాంటివి. ఎనిమిదో తరగతి పాప ఒకతె "మా వీధి కొళాయికి మూడు రోజుల నుంచి నీళ్ళు రాలేదు" అని చదివింది. హెడ్మాస్టరు గారు నా వైపు చూశారు. నేను వేపచెట్టు వైపు చూశాను. వార్తే కదా సార్ మరి!

రాసేటప్పుడు ఒక వాక్యం ఒక ఊపిరిలో అయిపోవాలి. ఆగాల్సిన చోట నిలువు గీత పెట్టండి. అంకెల్ని అక్షరాల్లో రాసుకోండి. లేకపోతే లక్షలు, కోట్ల దగ్గర కచ్చితంగా తడబడతారు. నోరు తిరగని మాట వస్తే దాన్ని మార్చేయండి. ద్రవ్యోల్బణం బదులు "ధరలు పెరిగాయి" అంటే దేశానికేమీ నష్టం లేదు.

మైకు సంగతి. నోటికీ మైకుకూ మధ్య బెత్తెడు దూరం. ఇదిగో, నాలుగు వేళ్ళు అడ్డం పెట్టి కొలుచుకోండి. మరీ దగ్గరికి పోతే "ప", "బ" అన్నప్పుడల్లా టపటపమని కొడుతుంది. మైకును తట్టొద్దు, ఉఫ్ అని ఊదొద్దు. కాగితం ముఖానికి అడ్డం రాకుండా గుండె దగ్గర పట్టుకోండి. చూపు ఎటు? చివరి వరసలో పొడుగ్గా ఉండే పదో తరగతి అబ్బాయిల తలల మీదుగా గోడ వైపు. వాళ్ళ కళ్ళలోకి చూశారంటే పని అయిపోయినట్టే, వాళ్ళు కావాలనే నవ్విస్తారు. కరెంటు పోతే ఆగొద్దు, గొంతు పెంచి కానివ్వండి. కార్తీకంలో వాన పడితే వరండాలోకి మారండి. అక్కడైతే మైకే అక్కర్లేదు.

ప్రతిజ్ఞ దగ్గర ఒక్క మాట. "బహువిధమైన", "వారసత్వ సంపద" అనే చోట ఏటా పిల్లలు మింగేస్తారు. ముందురోజు ఆ రెండు మాటలే పదిసార్లు అనిపించండి, మిగతాది అదే వస్తుంది.

మంచిమాట అనగానే ఎక్కడో గోడ మీద రాసి ఉన్న సూక్తే మళ్ళీ మళ్ళీ వినిపిస్తుంది. నాకు విసుగొచ్చి, ఇంట్లో అవ్వను అడిగి ఒక సామెత తెమ్మన్నాను. ఒక పిల్ల "అత్త మీద కోపం దుత్త మీద" అనే సామెతతో పాటు ఏకంగా దుత్తనే సంచిలో పెట్టుకుని వచ్చింది. చిన్న మట్టికుండ. సగం మంది పిల్లలు ఆ పేరు వినడం అదే మొదటిసారి. ఆ దుత్త ఇప్పటికీ మా స్టాఫ్‌రూమ్‌లో ఉంది, సుద్దముక్కలు వేసుకుంటున్నాం.

ఇక ప్రశ్న. ఈరోజు అడగాలి, జవాబు రేపు చెప్పాలి. మధ్యలో ఒక రాత్రి ఉండాలి, ఇంట్లో అడగాలి, బస్సులో వాదించుకోవాలి. ప్రశ్న కోసం ఎక్కడికో పోనక్కర్లేదు, ప్రార్థనలోనే ఉన్నాయి. "మా తెలుగు తల్లికి" రాసిందెవరు అని అడిగితే మా వాళ్ళు రకరకాల పేర్లు చెప్పారు. రాసింది శంకరంబాడి సుందరాచారి, మన తిరుపతి మనిషే. ఊళ్ళో ఆయన విగ్రహం కూడా ఉంది. కొందరు రోజూ దాని ముందు నుంచే బడికి వస్తున్నారు! మరుసటి రోజు ఆ పాట కాస్త గట్టిగా వినిపించింది, నా భ్రమ కూడా కావచ్చు.

ప్రతిజ్ఞ మొదట ఏ భాషలో రాశారు అని ఇంకోరోజు అడిగాం. హిందీ అన్నారు, ఇంగ్లీషు అన్నారు. 1962లో పైడిమర్రి వెంకట సుబ్బారావు తెలుగులో రాశారు. అప్పుడాయన విశాఖపట్నంలో ట్రెజరీ అధికారి. తర్వాతే మిగతా భాషల్లోకి పోయింది. జనగణమన సంగతైతే మా పిల్లలు అసలు నమ్మలేదు. టాగూర్ దాన్ని ఇంగ్లీషులోకి మార్చింది మన మదనపల్లెలో, 1919లో, బీసెంట్ థియోసాఫికల్ కాలేజీలో ఉన్నప్పుడు. "మా పెద్దమ్మ వాళ్ళూరే సార్ అది!" అని ఆరో తరగతి వాడు వరసలో నుంచే అరిచాడు. పీఈటీ సార్ కూడా ఏమీ అనలేదు.

జనగణమన పాడటానికి 52 సెకన్లు పట్టాలి. ఫోన్లో టైము పెట్టి చూడండి. మా వాళ్ళు మొదట 40లో లాగించేశారు, టిఫిన్‌కు పోవాలన్నట్టు. వారం రోజులు చప్పట్లతో తాళం వేయించి ప్రాక్టీసు చేయిస్తే దారికొచ్చింది.

ఆ ద్రవ్యోల్బణం పిల్ల ఏమైందని అడుగుతారేమో. మళ్ళీ బడికి వచ్చింది కానీ, నేను ఆ బడిలో ఉన్నన్నాళ్ళూ మైకు దగ్గరికి మాత్రం రాలేదు.

అదిగో, ఫస్ట్ బెల్లు. ఈ వారం తొమ్మిదో తరగతి వంతు. ఆ మెట్ల దగ్గర కాగితం పట్టుకుని పెదాలు కదిలిస్తున్న అబ్బాయిని చూడండి, ఈరోజు వార్తలు అతనివే. పోయే ముందు మీకూ ఒక ప్రశ్న: పాత చిత్తూరు, నెల్లూరు జిల్లాల నుంచి తిరుపతి జిల్లా విడిగా ఏర్పడింది ఏ సంవత్సరం, ఏ నెల, ఏ తేదీన? ఇప్పుడు జవాబు చెప్పను. ఇంట్లో అడగండి.