పసుపు గుడ్డ, గోడ గడియారం

శ్రోతలకు నమస్కారం.

మా ఇంట్లో దేవుడి మూల మేకుకి ఒక పసుపు గుడ్డ మూట మూడు నెలలు వేలాడింది. అందులో ఉన్నది పదకొండు రూపాయలు. కట్టింది మా అమ్మ.

మాది నిడదవోలు దగ్గర పల్లెటూరు. నేను హైస్కూల్లో లెక్కల మాస్టారిని. అది శ్రావణమాసం, మా పిల్లాడికి అప్పటికి ఏడాదిన్నర. పొద్దుటి నుంచి జలుబు, సాయంత్రానికి ఒళ్ళు వెచ్చబడింది. పిల్లలన్నాక జ్వరాలు రావా అనుకుని సిరప్ పట్టించాం. రాత్రి తొమ్మిది దాటాక, మా ఆవిడ ఒళ్ళో ఉన్నవాడు ఉన్నట్టుండి గుడ్లు తేలేశాడు. కాళ్ళూ చేతులూ కొయ్యబారిపోయాయి, వెంటనే టపటపా కొట్టుకోవడం మొదలుపెట్టాయి. పెదాలు నేరేడుపండు రంగుకి తిరిగాయి. కళ్ళు తెరిచే ఉన్నాయి, కానీ పిలిస్తే పలకడు.

మా ఆవిడ పెట్టిన కేకకి వీధిలో సగం మంది మా వసారాలో ఉన్నారు. ఒకరు తాళంచెవుల గుత్తి తెచ్చి వాడి గుప్పిట్లో కుక్కారు. ఒకరు ఉల్లిపాయ చితక్కొట్టి ముక్కు దగ్గర పెట్టారు. పక్కింటి పెద్దావిడ స్టీలు చెంచా పట్టుకొచ్చి, "నాలిక కరుచుకుంటాడు బాబూ, పళ్ళ మధ్య పెట్టు" అంది. నేను పెట్టబోయాను కూడా. ఆ సమయంలో ఎవరేం చెప్పినా చేసేసేవాణ్ణే.

మా ఆవిడ అప్పటికే 108కి ఫోన్ కలిపింది. స్పీకర్లోంచి ఒక అమ్మాయి గొంతు వినిపించింది. "నోట్లో ఏమీ పెట్టకండి సార్. నీళ్ళు పోయకండి. గట్టిగా అదిమి పట్టుకోకండి. బాబుని పక్కకి తిప్పి పడుకోబెట్టండి. టైమ్ చూస్తూ ఉండండి." చెంచా నా చేతిలోనే ఉండిపోయింది. వాణ్ణి పక్కకి తిప్పాం. నోట్లో నురగ బయటికి కారిపోయింది. ఊపిరి గురగుర కాస్త తగ్గింది.

టైమ్ మాత్రం ఎవరూ చూడలేదు. గోడ గడియారం ఎదురుగానే ఉంది. తర్వాత డాక్టరుగారు ఫిట్స్ ఎంతసేపు ఉన్నాయని అడిగితే నేను పావుగంట అన్నాను, మా ఆవిడ పది నిమిషాలంది, మా అమ్మ "ఒక యుగం బాబూ" అంది. చివరికి ఫోన్ తీసి చూస్తే, ఆ కాల్ మొత్తం కలిపి నాలుగు నిమిషాలు. వాడి కొట్టుకోవడం ఆ కాల్ నడుస్తుండగానే ఆగిపోయింది. లెక్కల మాస్టారి లెక్క అదీ!

108 సర్వీసు 2005 ఆగస్టు 15న మొదలైంది. ఇన్నేళ్ళూ దాన్ని రోడ్డు మీద ఎవరి కోసమో పోయే బండిగానే చూశాను. దాన్ని నడిపే మనిషిని పైలట్ అంటారని కూడా ఆ రాత్రే తెలిసింది. బండిలో వాడికి ఆక్సిజన్ పెట్టిన కుర్రాడు, కొవ్వూరు బ్రిడ్జి దాటుతుండగా పిల్లాడు సన్నగా ఏడుపు అందుకుంటే, "ఏడుస్తున్నాడమ్మా, మంచిదే, ఏడవనివ్వండి" అన్నాడు. బిడ్డ ఏడుపు విని చేతులెత్తి దణ్ణం పెట్టిన తల్లిని నేను అప్పుడే చూశాను.

రాజమండ్రిలో పిల్లల ఆసుపత్రిలో డాక్టరుగారు, జ్వరంతో వచ్చిన ఫిట్సే అయ్యుంటాయన్నారు. కానీ తెల్లవారుజాము దాకా వాడు మత్తు వీడలేదు. మెదడు పొరల్లోకి ఇన్ఫెక్షన్ ఏమైనా చేరిందేమో చూడాలి, వెన్ను నుంచి నీరు తీయాలి అన్నారు. సంతకం పెట్టాను. నా సంతకం నాకే కొత్తగా ఉంది.

వరండాలో బల్ల మీద కూర్చున్నాం. మా అమ్మ చీర కొంగు చివర పళ్ళతో కొరికి జానెడు గుడ్డ చింపింది. పసుపు ఎక్కడ దొరుకుతుంది? పక్క మంచం పిల్ల తల్లి, మేమెవరో ఆవిడకి తెలియదు, హ్యాండ్‌బ్యాగులోంచి అమ్మవారి పసుపు పొట్లం తీసి ఇచ్చింది. వాటర్ బాటిల్ మూతలో నీళ్ళు పోసి తడిపారు. అమ్మ రొంటినున్న సంచిలో పది రూపాయల బిళ్ళ ఉంది. "ఒరే అబ్బాయ్, రూపాయి ఉందా?" అంది. మామూలుగా అయితే ఇలాంటి వాటికి నేనొక మాట విసిరేవాణ్ణి. ఆ వేళ జేబులన్నీ వెతికి రూపాయి బిళ్ళ తీసిచ్చాను. నేను చేసిన ప్రార్థన అదే.

మొక్కు ద్వారకా తిరుమల వెంకన్నకి. చిన్న తిరుపతి అంటే అదే. మా వైపు ఒక మాటుంది. పెద్ద తిరుపతి మొక్కు చిన్న తిరుపతిలో తీర్చుకోవచ్చు కానీ, చిన్న తిరుపతి మొక్కు చిన్న తిరుపతిలోనే తీర్చాలి. అప్పు ఎక్కడ చేశామో అక్కడే కట్టాలన్నమాట.

మధ్యాహ్నానికి వాడు కళ్ళు విప్పి, సెలైన్ సూది పెట్టిన చేతిని అటూ ఇటూ తిప్పి చూసుకుని, పాలడిగాడు. నీటి రిపోర్టులో ఏమీ లేదు. మూడో రోజు ఇంటికొచ్చేశాం. ఆ ముడుపు వల్లే తగ్గిందని నేను అనను. ఆ వార్డులో మొక్కుకోని తల్లి లేదు, వాళ్ళలో అందరూ మాలాగే నవ్వుకుంటూ ఇంటికి వెళ్ళారో లేదో నాకు తెలియదు. నేను చెప్పగలిగింది ఒకటే. ఆ వరండాలో చేయడానికి ఒక పని దొరికింది. చేతులు ఖాళీగా ఉండి ఉంటే ఆ నాలుగు గంటలు ఎలా గడిచేవో ఊహించలేను.

కార్తీకంలో కొండకెళ్ళి వాడి తలనీలాలిచ్చాం. ఆ గుళ్ళో స్వయంభువుగా వెలిసిన స్వామి పైభాగమే కనిపిస్తాడు, మిగతాది పుట్టలో ఉందంటారు. పాదాల పూజ కోసమని రామానుజాచార్యులవారు వెనక నిండు విగ్రహం నిలిపారని చెబుతారు. హుండీలో మూట వేసి అమ్మ నిశ్చింతగా మెట్లు దిగింది. ఆవిడ బాకీ తీరింది. నాది తీరలేదు. ఫోన్లో మాట్లాడిన ఆ అమ్మాయి పేరు నేనడగలేదు. పసుపిచ్చినావిడ ఊరేదో కూడా అడగలేదు. వాళ్ళ పేరు మీద ఎక్కడ హుండీ ఉంది?

డిశ్చార్జి రోజు డాక్టరుగారు చెప్పినవి మాత్రం అక్షరం వదలకుండా రాసుకున్నాను. ఆరు నెలల నుంచి ఐదేళ్ళ లోపు పిల్లల్లో నూటికి ఇద్దరి నుంచి ఐదుగురి దాకా ఇలా వస్తుందట. చాలావరకు దానంతటదే ఆగిపోతుంది, మెదడుకి నష్టం ఉండదు. వచ్చినవాళ్ళలో ఇంచుమించు మూడోవంతు మందికి మళ్ళీ వస్తుంది. మొదటిసారి వస్తే తప్పకుండా డాక్టరుకి చూపించాలి. ఎన్నోసారి అయినా ఐదు నిమిషాలు దాటితే ఇంట్లో ఉండకూడదు, వెంటనే బయల్దేరాలి. ఆ కాగితం ఫ్రిజ్ తలుపుకి అంటించాను. పక్కింటి పెద్దావిడని పిలిచి చదివి వినిపించాను. చెంచా మాటకి చిన్నబుచ్చుకుంటుందేమో అనుకున్నాను. "మా అత్త చెప్పింది నాయనా, నాకేం తెలుసు" అని, ఇంకోసారి చదవమంది.

మరుసటేడు ఫాల్గుణంలో మళ్ళీ వచ్చింది. సాయంత్రం, దీపాలు పెట్టే వేళ. మా ఆవిడ చాప పరిచి వాణ్ణి పక్కకి తిప్పింది. మెడ దగ్గర చొక్కా గుండీ విప్పింది. అమ్మ వాడి పాదాల దగ్గర కూర్చుని "గోవిందా, గోవిందా" అంటోంది. నేను గోడ గడియారం కింద నిలబడి సెకన్ల ముల్లు చూస్తున్నాను. పక్కింటి పెద్దావిడ గుమ్మంలోకొచ్చింది. రెండు చేతులూ ఖాళీగానే ఉన్నాయి. "ఎంతయింది బాబూ?" అనడిగింది.

ఒక నిమిషం నలభై సెకన్లకి ఆగింది.