ఓటమి ఎరుగని మార్సియానో కన్నా ఓడి లేచిన జో లూయిస్ గొప్పవాడు

నమస్కారం. గత వీడియోలో హెవీవెయిట్ బాక్సింగ్ ఛాంపియన్ల జాబితా చెబుతూ రాకీ మార్సియానోకు మొదటి స్థానం ఇవ్వనందుకు చాలామంది నామీద కోపగించుకున్నారు. అందరూ నా ముందు పెట్టిన ఆధారం ఒక్కటే: 49–0. మొత్తం 49 పోరాటాలు, 49 విజయాలు, వాటిలో 43 నాకౌట్లు, ఒక్క ఓటమి కూడా లేదు, ఇంతకన్నా ఏం కావాలని అడిగారు. ఈ రోజు సమాధానం చెబుతాను, కానీ మెత్తగా చెప్పను. మీరు చూపిస్తున్న ఆ సున్నాయే మార్సియానోను నా జాబితాలో మొదటి స్థానానికి రానివ్వడం లేదు. ఒక్కసారి కూడా ఓడిపోనివాడు హెవీవెయిట్ చరిత్రలో అందరికన్నా గొప్పవాడు కాలేడు.

వేర్వేరు కాలాల ఛాంపియన్లను ఊహలో ఒకే రింగ్‌లోకి దించి ఎవరు గెలుస్తారో తేల్చాలన్న సరదా కొత్తది కాదు. 1969లో ఒక అమెరికన్ నిర్మాత మహమ్మద్ అలీని, మార్సియానోను ఒక స్టూడియోకు పిలిపించి, ఇద్దరూ నిజంగానే తలపడుతున్నట్టు చిత్రీకరించాడు. లైసెన్సు పోగొట్టుకున్న అలీకి అప్పట్లో పోటీలు లేవు. పదమూడేళ్ల కిందటే గ్లవ్స్ విప్పేసిన మార్సియానో ఒళ్లు తగ్గించుకుని, బట్టతల కనబడకుండా విగ్గు పెట్టుకుని వచ్చాడు. గెలుపెవరిదో కంప్యూటరే తేలుస్తుందని ప్రచారం చేశారు. తీరా 1970 జనవరిలో చూపించినప్పుడు అమెరికా ప్రేక్షకులకు మార్సియానో 13వ రౌండ్‌లో గెలిచినట్టు కనిపించింది, బ్రిటన్‌లో చూపించిన ప్రతిలో మాత్రం అలీ గెలిచాడు. ఆ ఫలితం చూడటానికి మార్సియానో బతికి లేడు. 1969 ఆగస్టు 31న, తన 46వ పుట్టినరోజుకు సరిగ్గా ఒక రోజు ముందు, విమాన ప్రమాదంలో మరణించాడు.

కాలాలను కలిపేసి వేసే లెక్కలన్నీ ఇలాంటి కాకి లెక్కలే అవుతాయి. మార్సియానో సుమారు 84 కిలోల మనిషి, 2024 మేలో ఉక్రెయిన్ బాక్సర్ ఒలెక్సాండర్ ఉసిక్‌తో తలపడిన రోజున బ్రిటన్ బాక్సర్ టైసన్ ఫ్యూరీ సుమారు 119 కిలోలు ఉన్నాడు. అప్పటి టైటిల్ పోరు 15 రౌండ్లు, ఇప్పటిది 12. తిండి మారింది, వైద్యం మారింది, సాధన మారింది. ఇన్ని మారినచోట ఎవరు ఎవరిని పడగొట్టేవారో ఏ ప్రాతిపదికన చెబుతాం?

అయితే అన్ని కాలాలకూ సమానంగా పనికొచ్చే తూనిక ఒకటి ఉంది, అది రీమ్యాచ్. అక్కడ అదే మనిషి, అదే ప్రత్యర్థి, అవే నియమాలు. మొదటిసారి చావుదెబ్బ తిన్నవాడు రెండోసారి వచ్చేసరికి ఏం నేర్చుకున్నాడన్నది ఒక్కటే అక్కడ మారుతుంది. 1938లోనైనా 2001లోనైనా ఈ పరీక్ష ఒక్కటే. తనను ఓడించినవాడి బాకీని ఎవరు ఎంత గట్టిగా తీర్చారో చూడండి, గొప్పతనం అక్కడ తేలుతుంది.

1936 జూన్ 19న న్యూయార్క్‌లో జో లూయిస్ వయసు 22 ఏళ్లు. అప్పటికి అతనికి ఓటమి తెలియదు, అంటే అతని పేరు పక్కన కూడా మీరు ఆరాధించే ఆ సున్నాయే ఉంది. కొత్తగా గోల్ఫ్ మోజులో పడి సాధన తగ్గించాడు. ఎదుట ఉన్నది 30 ఏళ్ల జర్మన్ మాజీ ఛాంపియన్ మాక్స్ ష్మెలింగ్, అతని పని అయిపోయిందని అందరూ అనుకున్నారు. కానీ లూయిస్ పోరాటాల ఫిల్ములను తిరగేసిన ష్మెలింగ్ అందరూ వదిలేసిన ఒక చిన్న విషయాన్ని పట్టుకున్నాడు. ఎడమ చేత్తో జాబ్, అంటే సూటిగా చిన్న దెబ్బ, విసిరిన తర్వాత లూయిస్ ఆ చేతిని గడ్డం దగ్గరికి తెచ్చుకోకుండా కిందికి జారనిస్తున్నాడు. ఆ రెప్పపాటు సందులోంచి ష్మెలింగ్ కుడి చెయ్యి దూరింది. నాలుగో రౌండ్‌లో లూయిస్ కింద పడ్డాడు, ఆ తర్వాత కూడా అదే దెబ్బ మళ్లీ మళ్లీ తింటూ 12వ రౌండ్‌లో నాకౌట్ అయ్యాడు.

ఇక్కడ ఆగి ఆలోచించండి. ఆ రాత్రి తర్వాత లూయిస్ దారి మార్చుకుని ఉంటే, ఏదో వంక చెప్పి ష్మెలింగ్‌ను తప్పించుకుని ఉంటే, ఈ రోజు మనం అతని పేరెత్తేవాళ్లమా? ఏడాది తిరిగేసరికి 1937 జూన్ 22న షికాగోలో జేమ్స్ బ్రాడాక్‌ను పడగొట్టి ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. బెల్ట్ చేతికొచ్చినా, ష్మెలింగ్‌ను ఓడించేవరకూ తనను ఛాంపియన్ అని పిలవవద్దని అన్నాడు. శిక్షకుడు జాక్ బ్లాక్‌బర్న్ దగ్గర ఆ ఎడమ చేతిని సరిదిద్దుకున్నాడు.

సరిగ్గా ఏడాదికి, 1938 జూన్ 22న, యాంకీ స్టేడియంలో 70 వేల మందికి పైగా ప్రేక్షకుల ముందు బాకీ తీర్చుకునే రోజు వచ్చింది. హిట్లర్ ప్రభుత్వం ష్మెలింగ్‌ను తమ జాతి ఆధిక్యానికి గుర్తుగా చూపించుకుంటున్న రోజులవి. నిజానికి ష్మెలింగ్ నాజీ పార్టీ సభ్యుడు కాడు, అతని మేనేజర్ యూదుడు, తర్వాత అదే ఏడాది నవంబరులో యూదుల మీద దాడులు జరిగినప్పుడు ఇద్దరు యూదు పిల్లలను తన దగ్గర దాచిన మనిషి అతను. ఆ రాత్రి రేడియోలకు అతుక్కుపోయిన కోట్లాది అమెరికన్లలో ఎవరికీ అతను ఎలాంటి మనిషో పట్టలేదు. గంట మోగగానే లూయిస్ అతన్ని తాళ్ల దగ్గరకు నెట్టుకుపోయాడు. పడిపోకుండా పై తాడును పట్టుకున్న ష్మెలింగ్ ఒళ్లు పక్కకు తిరిగిన క్షణంలో లూయిస్ కుడి చెయ్యి నడుం మీద పడింది. ఆ దెబ్బకు వెన్నుపూస భాగం ఒకటి విరిగింది, ష్మెలింగ్ పెట్టిన కేక రింగ్ చుట్టూ ఉన్నవాళ్లకు వినిపించింది. ఆ తర్వాత మూడుసార్లు కింద పడ్డాడు. మొత్తం 124 సెకన్లు. రెండేళ్ల కిందట 12 రౌండ్లు తనను ఉతికి ఆరేసిన మనిషిని లూయిస్ ముగించడానికి పట్టిన సమయం అది. హెవీవెయిట్ చరిత్రలో ఈ 124 సెకన్లకు సాటివచ్చేది నాకు మరొకటి కనిపించదు, 49–0 కూడా దాని ముందు నిలబడదు.

అది ఒక్కనాటి ఆవేశం అనుకోకండి. 1947 డిసెంబరులో జెర్సీ జో వాల్కాట్ లూయిస్‌ను రెండుసార్లు కింద పడేశాడు. న్యాయనిర్ణేతలు లూయిస్‌కే విజయం ఇచ్చారు కానీ, తాను ఓడిపోయాననుకున్న లూయిస్ ఫలితం ప్రకటించకముందే రింగ్ దిగి వెళ్లబోయాడు. చేతిలో గెలుపు ఉంది, 33 ఏళ్లు దాటాయి, తప్పించుకోవడానికి ఎన్ని దారులైనా ఉన్నాయి. అయినా ఏడు నెలలు తిరగకముందే వాల్కాట్‌నే మళ్లీ పిలిచి 11వ రౌండ్‌లో నాకౌట్ చేశాడు. టైటిల్‌ను వరుసగా 25 సార్లు నిలబెట్టుకున్న మనిషి చేసిన పని ఇది.

మార్సియానో చేతగానివాడని నేను అనలేదు, అనను. 1952లో వాల్కాట్ చేతిలో మొదటి రౌండ్‌లోనే కింద పడి, 12 రౌండ్లయ్యేసరికి పాయింట్లలో వెనకబడి, 13వ రౌండ్‌లో ఒకే ఒక్క కుడి చేతి దెబ్బతో టైటిల్ లాక్కున్న గుండె అతనిది. కానీ అతను ఓడించిన పెద్ద పేర్లను వరుసగా చూడండి. వాల్కాట్‌కు అప్పటికి 38 ఏళ్లు, లూయిస్‌కు 37 ఏళ్లు, ఆర్చీ మూర్ నలభై ఏళ్ల దరిదాపుల్లో ఉన్నాడు. 1956లో 32 ఏళ్ల వయసులో మార్సియానో విరమించుకున్నాడు. ఓటమి తర్వాత రాత్రి నిద్ర ఎలా పడుతుందో, మర్నాడు జిమ్‌లోకి ఎలా అడుగుపెట్టాలో అతను ఎన్నడూ తేల్చుకోవలసి రాలేదు. ఆ పరీక్ష ఫ్లాయిడ్ ప్యాటర్సన్ రాశాడు. 1959లో ఇంగెమార్ యోహాన్సన్ ఒకే రౌండ్‌లో ఏడుసార్లు పడగొట్టిన ఆ ప్యాటర్సనే ఏడాది తిరిగేలోగా అతన్ని నాకౌట్ చేసి, పోయిన హెవీవెయిట్ టైటిల్‌ను తిరిగి తెచ్చుకున్న మొదటి మనిషి అయ్యాడు.

ఇప్పుడు మైక్ టైసన్ అభిమానులకు కోపం తెప్పించే మాట. మన దగ్గర బాక్సింగ్ అంటే టైసన్. పెంపుడు కుక్కకు ఆ పేరు పెట్టుకునే ఇళ్లు ఎన్నో ఉన్నాయి, 2022లో అతను తెలుగు తెర మీద కనిపిస్తే థియేటర్లలో ఈలలు మోగాయి. ఇరవై ఏళ్లకే ఛాంపియన్ అయ్యాడు, 1988లో మైకేల్ స్పింక్స్‌ను 91 సెకన్లలో ముగించాడు, ఎవరూ కాదనరు. కానీ 1990 ఫిబ్రవరి 11న టోక్యోలో బస్టర్ డగ్లస్ కొట్టిన దెబ్బలకు పదో రౌండ్‌లో నేలమీద చేతులతో తడుముకుంటూ మౌత్‌గార్డ్ వెతుక్కున్న టైసన్, ఆ డగ్లస్‌తో మళ్లీ ఎన్నడూ తలపడలేదు. ఎవాండర్ హోలీఫీల్డ్‌తో మాత్రం రీమ్యాచ్ దొరికింది, అందులో అతని చెవి కొరికి అనర్హుడయ్యాడు. నా తూనికలో టైసన్ తేలిపోవడానికి కారణం ఇదే.

అదే లెనాక్స్ లూయిస్‌ను చూడండి. 1994లో లండన్‌లోని వెంబ్లీలో ఆలివర్ మెకాల్ అతన్ని రెండో రౌండ్‌లోనే నిలిపేశాడు. ఆ రాత్రి మెకాల్ పక్షాన వ్యూహం పన్నిన శిక్షకుడు ఇమాన్యుయెల్ స్టీవర్డ్. లెనాక్స్ ఏం చేశాడంటే, తన ఓటమికి పథకం వేసిన ఆ స్టీవర్డ్‌నే తన శిక్షకుడిగా పెట్టుకున్నాడు, 1997లో మెకాల్ బాకీ తీర్చుకున్నాడు. 2001 ఏప్రిల్‌లో దక్షిణాఫ్రికాలోని బ్రాక్‌పాన్‌కు ఆలస్యంగా చేరుకుని, సరిగ్గా సిద్ధం కాకుండా రింగ్ ఎక్కి, హసీమ్ రహమాన్ చేతిలో ఐదో రౌండ్‌లో వెల్లకిలా పడ్డాడు. రీమ్యాచ్ హక్కు కోసం న్యాయస్థానానికి వెళ్లి మరీ సాధించుకుని, ఆ నవంబరులోనే రహమాన్‌ను నాలుగో రౌండ్‌లో పడగొట్టాడు. కెరీర్ ముగిసేసరికి అతని ఖాతాలో ఒక్క బాకీ కూడా మిగల్లేదు. 2002లో టైసన్‌ను కూడా ఎనిమిదో రౌండ్‌లో నాకౌట్ చేశాడు. టైసన్‌కు అప్పటికే వయసైపోయిందని అంటారు, లెనాక్స్ అతనికన్నా దాదాపు పది నెలలు పెద్దవాడు.

అలీ గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. ఫ్రేజియర్ చేతిలోనూ, నార్టన్ చేతిలోనూ, లియాన్ స్పింక్స్ చేతిలోనూ ఓడి, ముగ్గురినీ తిరిగి ఓడించాడు, అందుకే నా జాబితాలో రెండో స్థానం అతనిది. మరి 2025 జులైలో వెంబ్లీ పోరు నాటికి 24 పోరాటాల్లో 24 గెలిచిన ఉసిక్ మాటేమిటని అడుగుతారు. అతన్ని నేను మార్సియానోకు పైన పెడతాను. జాషువా, ఫ్యూరీ, డుబోయిస్ ముగ్గురూ అతనికన్నా భారీ మనుషులు, అతనికన్నా వయసులో చిన్నవాళ్లు, ఒకసారి ఓడి అతన్ని చదువుకుని మళ్లీ వచ్చారు, రెండోసారి కూడా గెలుపు ఉసిక్‌దే.

జో లూయిస్ కూడా తనను ఓడించిన ఎజర్డ్ చార్లెస్ బాకీ, మార్సియానో బాకీ తీర్చలేదు కదా అని మీరు అడగవచ్చు, అడగాలి కూడా. 1949లో ఛాంపియన్‌గానే విరమించుకున్న మనిషిని ఆదాయపు పన్ను బకాయిలు మళ్లీ రింగ్‌లోకి లాగాయి. జుట్టు పలచబడిన, చేతి వేగం పోయిన ఆ లూయిస్‌ను 1951 అక్టోబరు 26న మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో మార్సియానో ఎనిమిదో రౌండ్‌లో తాళ్ల మధ్య నుంచి బయటికి పడిపోయేలా కొట్టాడు. మీరు లెక్కపెట్టుకునే ఆ 49 విజయాల్లో అది కూడా ఒకటి. పోరు ముగిశాక మార్సియానో సంబరం చేసుకోలేదు. లూయిస్ డ్రెస్సింగ్ రూమ్‌కు వెళ్లి, అతని ముందు కన్నీళ్లు పెట్టుకున్నాడు.