టీబీ మందులు మొదలయ్యాక మెడ బిళ్ళ పెరిగితే

ఆశా అక్కచెల్లెళ్ళందరికీ నమస్కారం.

మెడ దగ్గర వాపు కనిపించగానే మన ఊళ్ళలో గవదబిళ్ళలు అనేస్తారు. గవదబిళ్ళలైతే దవడ కింద వాచి, నొప్పి పెట్టి, వారం పది రోజుల్లో తగ్గిపోతాయి. నేను చెప్పబోయేది తగ్గని బిళ్ళల సంగతి. మెడ పక్కన నొప్పి లేకుండా ఒకటి లేస్తుంది, కొన్నాళ్ళకు దాని పక్కనే ఇంకోటి. పట్టి చూస్తే ఒకదానికొకటి అతుక్కున్నట్టుంటాయి. పాత వైద్యులు గండమాల అన్నది దీన్నే. ఇది లింఫు గ్రంథులకు వచ్చే టీబీ. మన దేశంలో ఊపిరితిత్తుల బయట వచ్చే టీబీలో ఎక్కువగా కనిపించేది ఇదే.

దగ్గు ఉండదు, చాలామందికి జ్వరమూ ఉండదు. అందుకే టీబీ అని ఎవరికీ తట్టదు. పసరు కట్లతో నెలలు గడిచిపోతాయి. రెండు వారాలు దాటినా బిళ్ళ తగ్గకపోతే ఆస్పత్రికి పంపండి. గళ్ళ పరీక్షలో ఏమీ లేదన్నారని వదిలేయకండి, జబ్బు ఉన్నది మెడలో. సన్నటి సూదితో బిళ్ళలోంచే కొంచెం తీసి, టీబీ క్రిమిని పట్టే సీబీనాట్ పరీక్ష గానీ ట్రూనాట్ పరీక్ష గానీ చేయాలి. టీబీకి వాడే రిఫాంపిసిన్ మందుకు ఆ క్రిమి లొంగుతుందో లేదో కూడా అందులో తెలుస్తుంది. ఛాతీ ఎక్స్‌రే, షుగరు, హెచ్ఐవీ పరీక్షలు కూడా చేయించాలి.

మందులు మామూలుగా 6 నెలలు. మొదటి 2 నెలలు నాలుగు మందులు కలిసిన మాత్రలు, తర్వాత 4 నెలలు మూడు మందులవి. రోజూ ఎన్ని వేసుకోవాలో బరువును బట్టి ఉంటుంది.

అసలు చిక్కు మధ్యలో వస్తుంది. డిగ్రీ చదివే ఒక అమ్మాయికి మందులు మొదలుపెట్టాను. రెండో నెల చివర బిళ్ళ ఇంకా పెద్దదైంది, పక్కన కొత్తది లేచింది. "ఈ మందు మా పిల్లకి పడలేదు సార్" అని వాళ్ళమ్మ ఆపేసింది. ఆ తప్పు ఆవిడది కాదు. ఇలా జరగొచ్చని ముందే చెప్పాల్సినవాణ్ణి నేను, చెప్పలేదు. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

చచ్చిన క్రిముల ముక్కలు బిళ్ళలోనే ఉంటాయి. మందులతో కోలుకున్న ఒళ్ళు వాటి మీదకు ఒక్కసారిగా తిరగబడుతుంది, దాంతో వాపు పెరుగుతుంది. మందు పనిచేస్తున్నా ఇలా కావచ్చు. అయితే మందుకు లొంగని టీబీ కాదని తేల్చుకోవాలి కాబట్టి డాక్టరుకు చూపించాల్సిందే. ఈలోపు ఒక్క పూట మాత్ర కూడా ఆపనివ్వకండి. మొదటి మాత్ర మింగించే రోజే ఇంట్లోవాళ్ళందరినీ కూర్చోబెట్టి ఈ మాట చెప్పండి.

బిళ్ళ మెత్తబడి చీము పట్టిందని ఎవరితోనూ కోయించనివ్వకండి. కోసినచోట పుండు మానక నెలల తరబడి కారుతూనే ఉంటుంది. అవసరమైతే డాక్టరే పక్కనున్న మంచి చర్మంలోంచి సూది పెట్టి చీము లాగుతారు.

మూత్రం ఎర్రగా వస్తే టెన్షన్ పడొద్దు, అది మందు రంగు. కళ్ళు పచ్చబడినా, వాంతులు ఆగకపోయినా, చూపు మసకబారినా మాత్రం ఆ రోజే తీసుకురండి. గర్భం రాకుండా మాత్రలు వాడేవాళ్ళకు ఇంకో పద్ధతి చెప్పించండి, రిఫాంపిసిన్‌తో ఆ మాత్రలు సరిగ్గా పనిచేయవు.

ఊపిరితిత్తుల్లో జబ్బు లేకపోతే మెడ టీబీ ఇంకొకరికి అంటదు. ఆ పిల్లకు వేరే కంచం, వేరే పక్క ఎందుకు? పెళ్ళి చెడుతుందని చున్నీ చాటున దాచి మందులు ఆలస్యం చేసుకున్న పిల్లల్ని చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది. టీబీ ఉన్నవాళ్ళ తిండికి ప్రభుత్వం ఇచ్చే నిక్షయ్ పోషణ్ పథకం కింద నెలకు 1,000 రూపాయలు వస్తాయి. బ్యాంకు ఖాతా వివరాలు మొదటి వారమే ఎక్కించండి. ఆ డబ్బు గుడ్లకూ పప్పుకూ కావాలి.

ఆరు నెలలూ అయ్యాక కూడా కొందరికి చిన్న బిళ్ళ చేతికి తగులుతూనే ఉంటుంది. చాలాసార్లు అది మానిన మచ్చే. పెరగకుండా అలాగే ఉంటే మళ్ళీ మందులు అక్కర్లేదు. దాని సైజు మీ పుస్తకంలో రాసుకుని, కొన్ని నెలల తర్వాత మరోసారి పట్టి చూడండి.