కార్మెనేర్‌ను గుర్తుపట్టిన కన్ను

సభాధ్యక్షులకు, వేదికపై ఉన్న పెద్దలకు, గుంటూరు, తెనాలి, నూజివీడు నుంచి వచ్చిన రైతు సోదరులకు, విద్యార్థులకు నమస్కారం. కనుమరుగైన పంట రకాల గురించి మాట్లాడమన్నారు. నేను ఒక్క ద్రాక్ష గురించే చెబుతాను.

ఫ్రాన్సులోని బోర్డో ప్రాంతంలో వైన్ కోసం పెంచిన పాత నల్ల ద్రాక్ష కార్మెనేర్. 1860ల నుంచి ఫిలాక్సెరా అనే చిన్న పురుగు వేళ్లను పట్టి ఫ్రెంచి తోటలను ఎండబెట్టింది. ఆ తరువాత ఆ పురుగును తట్టుకునే అమెరికా ద్రాక్ష వేరుమూలాలపై అంటుకట్టి తోటలు మళ్లీ వేసుకున్నప్పుడు, చలివానలకు పూత రాలి పిందె సరిగా నిలవని ఈ రకాన్ని రైతులు వదిలేశారు. వారిని నేను తప్పుపట్టను. నష్టపోయిన రైతు కాపు నిలిచే తీగనే నాటుతాడని మిర్చి పండించే మీకు వేరే చెప్పాలా?

అయితే తెగులుకు ముందే చిలీకి చేరిన తీగముక్కల్లో కార్మెనేర్ కూడా ఉంది. అక్కడ అది మెర్లో అనే రకంతో కలిసిపోయి, కొన్ని వారాలు ఆలస్యంగా పండుతున్నా ఆ పేరుతోనే చెలామణి అయింది. 1994 నవంబరు 24న మైపో లోయలోని ఒక తోటలో ఫ్రాన్సులోని మోంపెల్లియే నగరం నుంచి వచ్చిన ద్రాక్ష శాస్త్రవేత్త జాన్-మిషెల్ బూర్సికో, పువ్వులో మెలితిరిగిన కేసరాలను చూసి, ఇది మెర్లో కాదు, కార్మెనేర్ అని తేల్చారు. 1998లో చిలీ దానిని ప్రత్యేక రకంగా గుర్తించింది. ఇప్పుడు అక్కడ వేల హెక్టార్లలో పండుతోంది.

మిత్రులారా, ఆ కన్ను ఊరికే రాలేదు. మోంపెల్లియేలో ఆకును, పువ్వును చూసి రకం చెప్పే విద్యను తరతరాలుగా నేర్పుతున్నారు. అక్కడికి దగ్గరలోని వసాల్‌లో, ఫిలాక్సెరా బతకలేని సముద్రతీరపు ఇసుకలో, 1949 నుంచి వేల ద్రాక్ష రకాలను సజీవంగా పెంచుతూ వచ్చారు.

ఇక్కడ నా బాధ చెప్పక తప్పదు. నేను పనిచేసిన ఒక పరిశోధన క్షేత్రంలో పాత మామిడి రకాల తల్లిచెట్లను భవనం కోసం కొట్టేశారు. చెట్లకు కట్టిన రేకుపలకలు అంతకు ఎన్నో ఏళ్ల ముందే ఊడిపోయాయి కాబట్టి, ఏయే రకాలు పోయాయో చెప్పగలిగినవారే మిగల్లేదు. అభ్యంతరం రాసి ఇచ్చాను, జవాబు రాలేదు. ఆ చెట్లలో మరెక్కడా లేని రకం ఒక్కటైనా ఉంటే, దానిని ఏ బూర్సికో వచ్చి వెతికిపెట్టగలడు?

విద్యార్థులారా, పూత కాలంలో నూజివీడు తోటలకు రండి. పంచదార కలశను, చెరకు రసాన్ని కాయ లేకుండా ఆకుతో, పూగుత్తితో గుర్తుపట్టడం ముసలి రైతుల దగ్గర నేర్చుకోండి, రాసిపెట్టండి. రైతు సోదరులారా, మీ పెరట్లో పేరు తెలియని చెట్టు ఉంటే, కొట్టే ముందు దాని కొమ్మతో రెండు అంట్లు కట్టించి, ఒకటి మరో ఊళ్లో నాటించండి.